మిద్దెతోటల సంఘం వార్షిక నివేదిక: శ్రీ క్రోధి నామ సంవత్సరం (2024–25)

మాన్య అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన మిద్దెతోట మిత్రులందరికీ నమస్కారములు.

మన నియమావళి ప్రకారం ఉగాది వెళ్ళిన నెల రోజుల లోపల కార్యదర్శి గడచిన ఏడాది పనులను సభ్యుల ముందు ఉంచవలసి ఉన్నది. 2024 ఏప్రిల్ 9న క్రోధి నామ సంవత్సర ఉగాదితో మొదలై 2025 మార్చి 29తో ముగిసిన ఏడాదికి సంబంధించిన నివేదిక ఇది. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్ళీ ఏకరువు పెట్టడం లేదు.

గత సర్వసభ్య సమావేశంలో కొందరు సభ్యులు ఒక సూచన చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి నెలా రెండో ఆదివారం సమావేశానికి ముందు కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునే అరగంటను రద్దుచేసి, నేరుగా ఎజెండాలోకి వెళితే సమయం కలిసివస్తుందన్నది ఆ సూచన. దానిని తోసిపుచ్చకుండా ఏడాది పాటు పరిశీలించాలని కార్యవర్గం నిర్ణయించి, ఆ అరగంటలో ఎవరేమి మాట్లాడుకున్నారో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచే బాధ్యతను సహాయ కార్యదర్శి గారికి అప్పగించింది. ఆవిడ ఒక చేత్తో గ్లాసు, మరో చేత్తో పెన్ను పట్టుకుని, కాఫీ చల్లారిపోతున్నా లెక్కచేయకుండా రాసిన 140 పేజీల ఆ పుస్తకాన్ని ముందు వేసుకునే నేను ఈ నివేదిక రాశాను. సూచన చేసిన సభ్యులు నొచ్చుకోకూడదు గాని, ఈ ఏడాది మనం చేసిన పనుల్లో చెప్పుకోదగ్గవన్నీ ఆ అరగంటలో పుట్టినవే. ఎజెండాలో పుట్టినవి చాలావరకు ఫైళ్ళలోనే ఉన్నాయి.

కాఫీ పిప్పి వ్యవహారం

మే నెల సమావేశంలో మన విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీ నుంచి వచ్చే ఒక సభ్యురాలు తన కరివేపాకు మొక్క ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయని దిగులుగా చెప్పారు. ఏమి వేస్తున్నారని అడిగితే, రోజూ ఫిల్టరులో మిగిలిన కాఫీ పిప్పి వేస్తున్నానని, అది పుల్లగా ఉంటుంది కాబట్టి కరివేపాకుకు మంచిదని ఎవరో చెప్పారని అన్నారు. అక్కడున్న వారిలో సగం మందికి పైగా తామూ అదే పని చేస్తున్నట్టు ఒప్పుకున్నారు. మరుసటి ఆదివారం నలుగురం కలిసి ఆవిడ డాబా మీదికి వెళ్ళి చూశాము. కుండీలో మట్టి కనబడలేదు. రెండంగుళాల మందాన పిప్పి పరుచుకుని, ఎండకు అట్టకట్టి, అంచుల దగ్గర తెల్లని బూజు పట్టి, పెనం మీద మాడిన రొట్టెలా ఉంది. చెంబుడు నీళ్ళు పోస్తే ఒక్క చుక్క లోపలికి దిగకుండా, అట్ట మీదుగా పక్కలకు జారి, కుండీ గోడ వెంట కిందికి పోయి, అడుగు కన్నంలోంచి బయటికి వచ్చింది. చూసేవారికి కుండీ నిండా నీళ్ళు పోసినట్టే ఉంటుంది. అట్ట లేపి వేలు పెట్టి చూస్తే వేరు మొదట్లో మట్టి పొడిపొడిగా ఉంది. మొక్కకు పట్టినది రోగం కాదు, దాహం.

అప్పటి నుంచి మూడు నెలల పాటు కాఫీ పిప్పే మన కాఫీ వేళ ముచ్చట అయింది. కాఫీలోని పులుపు చాలావరకు డికాషన్‌లోకే దిగిపోతుందని, మిగిలిన పిప్పి పులుపూ చవుడూ కాకుండా దాదాపు తటస్థంగానే ఉంటుందని, అందులో నత్రజని సుమారు 2 శాతం ఉన్నా అది కుళ్ళితే తప్ప మొక్కకు అందదని వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మన మాస్టారు వివరించారు. మాస్టారి మాట మీద గౌరవం ఉన్నా, కళ్ళతో చూస్తే గాని నమ్మని వారు మన సంఘంలో ఎక్కువ కనుక, జూలైలో మూడు ట్రేలలో తోటకూర విత్తనాలు చల్లాము. ఒకదానిలో ఉత్త మట్టి, రెండోదానిలో మట్టితో పాటు మాగిన కంపోస్టు, మూడోదానిలో మట్టికి మూడో వంతు పచ్చి పిప్పి కలిపాము. వారం తిరిగేసరికి మొదటి రెండు ట్రేలు ఎర్రగా, ఒత్తుగా మొలకెత్తాయి. మూడోదానిలో అక్కడొకటి ఇక్కడొకటి లేచి, అవీ తలలు వాల్చేశాయి. ఆ ట్రేను సమావేశానికి తెచ్చి కాఫీ ఫ్లాస్కు పక్కనే పెట్టాము. ఇక చర్చ అవసరం లేకపోయింది.

పిప్పిని పారవేయమని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఎండుటాకులు, వంటింటి తొక్కలతో కలిపి, మొత్తం గుట్టలో అయిదో వంతు మించకుండా వేసి, రెండు మూడు నెలలు మాగనిస్తే దానిని మించినది లేదని మన సామూహిక కంపోస్టు డ్రమ్ములు రుజువు చేశాయి. ఇందుకోసం బీచ్ రోడ్డు వైపున్న ఒక కాఫీ దుకాణం వారు వారానికి ఒక బక్కెట్టు పిప్పి ఉచితంగా ఇస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు చెబుతూనే, అందులో కాగితం కప్పులు, చక్కెర పొట్లాలు, ఒకసారి ఎవరివో చెవి పోగులు కూడా వచ్చాయని, వాటిని ఏరే పని ప్రతివారం ఒకే ఒక్క సభ్యుడి మీద పడుతోందని రికార్డు కోసం రాస్తున్నాను. పోగులు నేటికీ నా దగ్గరే భద్రంగా ఉన్నాయి.

వాతావరణం

వాతావరణం గురించి మాట్లాడుకోవడం పొద్దుపోని వారి పని అని లోకంలో ఒక మాట ఉన్నది. సముద్రానికి రెండు వీధుల అవతల కుండీల్లో సేద్యం చేసేవారికి అది పొద్దుపోక చేసే పని కాదు. తూర్పు నుంచి ఉప్పు గాలి తిరిగిందంటే ఎవరి మందార ఆకుల అంచులు మాడతాయో, లాసన్స్ బేలో ఉన్నవారికి, కొండ వారన సీతమ్మధారలో ఉన్నవారికి తేడా ఎంతో మన సభ్యులు కాఫీ వేళ చెప్పుకున్నంత వివరంగా నేను వేరెక్కడా వినలేదు.

సెప్టెంబరు సమావేశం 8వ తేదీన, వినాయక చవితి మర్నాడు రావలసి ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పూరీ వైపు కదులుతూ, 9న అక్కడ తీరం దాటే ముందు మనను తడిపి ముద్ద చేసింది. సమావేశానికి ఏడుగురు వచ్చారు. గొడుగుల నుంచి నీళ్ళు కారుతుండగా వరండాలో నిలబడి తాగిన ఆ కాఫీ మీదే సంఘం ఒక మంచి పాఠం నేర్చుకుంది. ఏడుగురిలో అయిదుగురి కుండీల్లో నీరు నిలిచిపోయింది. కారణం వాన ఒక్కటే కాదు. కుండీ అడుగు కన్నాలకు అడ్డంగా అందరూ పెట్టిన కొబ్బరి పీచు నాని, ఉబ్బి, బిరడాలా బిగుసుకుంది. అప్పటికి రెండు నెలల క్రితం పెట్టుకున్న చామంతి నారు మొదళ్ళు కుళ్ళి ఎక్కువమందికి పోయింది. పీచు బదులు పెంకు ముక్కలు వేసుకోవాలని, వాన తెరిపినివ్వగానే కుండీని పక్కకు ఒరిగించి పెట్టాలని ఆ రోజే రాసుకున్నాము. మన నాయనమ్మలు పెంకులే వేసేవారని ఒక సభ్యురాలు గుర్తుచేశారు. పెంకుటిళ్ళు పోయాక పెంకులు ఎక్కడ దొరుకుతాయని మరొకరు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానంగా పాత సామాన్ల దుకాణం నుంచి రెండు గోనెల పెంకులు తెచ్చి పంచిన మా ఉపాధ్యక్షుల వారికి ధన్యవాదములు.

అంతకు వారం ముందు, సెప్టెంబరు 1న, విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మన సభ్యురాలి పుట్టింటివారు కింది వాటా వదిలి మిద్దె మీదికి చేరారు. పాలు, కూరలు అందని ఆ రోజుల్లో డాబా మీది తీగబచ్చలి, రెండు సొరకాయలు, పచ్చిమిరప మొక్కలు ఇంటిల్లిపాదికీ అన్నంలోకి అక్కరకు వచ్చాయని ఆవిడ చెప్పినప్పుడు చాలాసేపు ఎవరూ కాఫీ ముట్టుకోలేదు.

అక్టోబరు 13న, విజయదశమి మర్నాడు కలిసిన సమావేశానికి మరొక విశేషం ఉంది. హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన 2014 అక్టోబరు 12కు సరిగ్గా పదేళ్ళు నిండిన మర్నాడది. కాఫీ గ్లాసులు పట్టుకుని ఎవరి వీధిలో ఏ చెట్టు పడిందో చెప్పుకోవడం మొదలుపెడితే ఆ రోజు ఎజెండా అసలు మొదలే కాలేదు. తురాయిలు, కానుగలు, బాదములు, ఒకరి ఇంటి ముందు మూడు తరాలు చూసిన వేప. ఆ చెట్లు పోయిన ఎండలోంచే మన సంఘం పుట్టిందన్న సంగతి కొత్త సభ్యులకు తెలియదు కనుక ఆ సాయంత్రం వృథా అయిందని నేను అనుకోవడం లేదు. ఆ రోజు మాటల ఫలితంగానే పిట్టగోడ మీద కుండీలు పెట్టరాదని, తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే పందిరి తాళ్ళు సడలించి గ్రో బ్యాగులను నీటి ట్యాంకు వారకు చేర్చాలని ఒక కాగితం తయారుచేసి అందరికీ పంచాము. ఆ కాగితం ఇంట్లో ఎక్కడ ఉన్నదో ఇప్పుడు చెప్పగలిగినవారు చేయి ఎత్తవచ్చును.

వసంతపు మొక్కలు, ఒక కాఫీ మొక్క

మన ఊళ్ళో వసంతం చెప్పి రాదు. బాదం ఆకులు ఎర్రబడి రాలుతుండగానే పక్కన కానుగ లేత చిగురు వేస్తుంది, ఇంకా చలి అనుకుంటున్న రోజుల్లోనే మామిడి పూత కనిపిస్తుంది, ఉక్కపోత మొదలయ్యాక గాని వేప పూయదు. న్యూజెర్సీలో ఉన్న ఒక సభ్యురాలి కూతురు అక్కడ మంచు పోయేదాకా వంకాయ, బీర నారు కిటికీ దగ్గరే పెంచి, మే నెలలో గాని పెరట్లోకి దింపదట. ఫోనులో ఆ అమ్మాయి మాటలు విన్నాక, మనకు అసలు శత్రువు చలి కాదు, ఏప్రిల్ ఎండ అని, మన వేసవి కూరల విత్తనాలు ఫిబ్రవరిలోనే పడి, ఎండ ముదిరేలోగా తీగలు పందిరెక్కాలని జనవరి సమావేశంలో తేల్చుకున్నాము. బెండ, గోరుచిక్కుడు, దోస, బీర ఈసారి ఆ లెక్కన వేసినవారు మార్చి నెలాఖరుకే కోత మొదలుపెట్టారు. నాలా బద్ధకించినవారు ఇప్పుడు షేడ్ నెట్టు కింద మొలకలను కాపాడుకుంటున్నారు.

ఆ జనవరి సమావేశంలోనే, భోగి ముందు రోజున, మల్లె ప్రస్తావన వచ్చింది. మొక్క ఏపుగా ఉన్నా పూలు లేవని ఏటా వినిపించే ఫిర్యాదే ఇది. నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలను మోకాలి ఎత్తుకు కత్తిరించి, తరువాత మాగిన ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే కొత్త రెమ్మల కొసలకే మొగ్గలు వస్తాయని కడియం వైపు నర్సరీల్లో పనిచేసి వచ్చిన మన మాలి చెప్పాడు. కత్తిరించడానికి మనసొప్పక చాలామంది చివరి నాలుగు ఆకులు మాత్రం తుంచి ఊరుకున్నారు. ధైర్యం చేసిన ఆరుగురి మల్లెలు మార్చిలో విరగబూశాయి. మామిడి పెద్ద టబ్బుల్లో పెంచుతున్నవారికి తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఈసారీ తప్పలేదు. వేపనూనె సరైన వేళకు, అంటే పూత విచ్చకముందే కొట్టినవారు కొంత నిలబెట్టుకున్నారు. విచ్చిన పూత మీద కొట్టి తేనెటీగలను తరిమినవారికి కాయ నిలవలేదు.

ఇక ఈ ఏడాది మనకు గర్వకారణమైన సంగతి చెబుతాను. డిసెంబరులో పదకొండు మంది సభ్యులం కిరండూల్ రైలెక్కి అరకు వెళ్ళాము. అనంతగిరి వైపు సిల్వర్ ఓక్ నీడలో మిరియపు తీగలు మానులను అల్లుకున్న తోటలు, కొమ్మల వెంట ఎర్రగా పండిన కాఫీ కాయలు చూశాము. మనం పదేళ్ళుగా తాగుతున్న కాఫీ చెట్టును మొదటిసారి చేత్తో తాకినవారు మాలో ఏడుగురు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి దుకాణాల్లో అట్టల మీద చదువుతూనే ఉంటాము. తోట రైతు మాత్రం గుర్తింపు మాట ఎత్తలేదు. వాన మాట ఎత్తాడు. "ఇప్పుడు కోసే కాయ మొన్న మార్చిలో పడిన వానదే బాబూ. ఎండల్లో మొగ్గ కట్టి నిద్దరోతాది. ఒక్క మంచి వాన పడాల. పడిన తొమ్మిదో పదో రోజుకి తోటంతా తెల్లగా విచ్చేస్తాది. వాన రాకపోతే మొగ్గ మొగ్గలాగే ఉండిపోతాది," అని అతను చెప్పిన మాటలు సహాయ కార్యదర్శి గారి పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

ఫిబ్రవరి సమావేశంలో కాఫీ తాగుతూ ఈ మాటలే నెమరువేసుకుంటుండగా, రైల్వేలో పనిచేసి విరమించిన మన పెద్దాయన ఒకరు, తన డాబా మీద అయిదేళ్ళుగా ఒక అరబికా మొక్క ఉన్నదని, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన చల్లగా పెరగవలసిన దానిని ఉక్కపోతలోకి తెచ్చి తప్పు చేశానని ఇన్నాళ్ళూ దిగమింగుకుని ఉన్నానని బయటపెట్టారు. ఆకులు నిగనిగలాడతాయట, ఇన్నేళ్ళలో ఒక్క పువ్వు లేదట. "రోజూ నీళ్ళు పోస్తున్నారా బాబాయి గారూ?" అని ఎవరో అడిగారు. "రెండు పూటలా పోస్తున్నానమ్మా, కన్నబిడ్డలా చూసుకుంటున్నాను," అన్నారాయన. అప్పుడు అందరికీ ఒకేసారి వెలిగింది. ఎండకు వాడితే గాని ఆ మొక్కకు వాన విలువ తెలియదు. బత్తాయి, నిమ్మ తోటల్లో పూతకు ముందు నీళ్ళు ఆపి చెట్లను బెట్టకు తెచ్చే పద్ధతి కూడా ఇదే కదా అని మాస్టారు అన్నారు. కొడగు తోటల్లో వాన రాకపోతే స్ప్రింక్లర్లతో నీళ్ళు కురిపించి పూత తెప్పిస్తారని కూడా ఆయనే చెప్పారు.

మరునాటి నుంచి ఆ కుండీకి నీళ్ళు బాగా తగ్గించారు. ఆకులు మరీ వేలాడితే ఒక గ్లాసు, అంతే. బాబాయి గారికి నిద్ర పట్టలేదని పిన్ని గారు ఫోను చేసి మమ్మల్ని దెప్పారు. మార్చి మొదటి వారానికి ఆకు చంకల్లో పచ్చని కొవ్వొత్తుల్లా చిన్న చిన్న మొగ్గలు గుత్తులుగా నిలిచి, అక్కడే ఆగిపోయాయి. మార్చి 9, రెండో ఆదివారం, సమావేశం కాగానే పద్నాలుగు మందిమి ఆ డాబా ఎక్కి, పూలమొక్కలకు పోసే జల్లు డబ్బాలతో ఆకులు, కొమ్మలు, మట్టి అన్నీ తడిసేలా పావుగంట సేపు వాన కురిపించాము. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి ఏదో పూజ అనుకున్నారు.

పదో రోజున, 19వ తేదీ బుధవారం తెల్లవారుజామున, ఆయన ఫోను చేశారు. మాట రాలేదు, "రండి" అని మాత్రం అన్నారు. పని రోజు కనుక వెళ్ళగలిగినవాళ్ళం అయిదుగురమే. మెట్లు ఎక్కుతుండగానే వాసన తగిలింది. మల్లెకు అక్క, విరజాజికి చెల్లెలు అనదగిన వాసన. కొమ్మ పొడవునా, ప్రతి కణుపు దగ్గర, అయిదు రేకుల తెల్లని పూలు ఒత్తుగా ముద్దగట్టి, ఆకుపచ్చ మీద ఎవరో పేలాలు చల్లినట్టు ఉన్నాయి. అయిదేళ్ళు ఎదురు చూసిన మనిషి కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నారు, చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉంది. తేనెటీగలు మాకంటే ముందే వచ్చాయి. అరబికాకు వేరే చెట్టు పుప్పొడి అక్కరలేదు కనుక కొన్నయినా కాయలు నిలుస్తాయని ఆశ. నిలిస్తే పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. గుప్పెడు గింజలు వస్తే ఎంతమందికి కాఫీ అవుతుందన్న చర్చ ఇప్పటికే మొదలయింది, దానిని ఎజెండాలో చేర్చవద్దని మనవి.

విత్తనాల పంపకం

ఉగాదికి ముందు ఆదివారం, మార్చి 23న, విత్తనాలు, మొక్కల ఇచ్చిపుచ్చుకోళ్ళ కార్యక్రమం జరిపాము. నేతిబీర, పొట్ల, గుత్తివంకాయ, తెల్లగోంగూర, చుక్కకూర విత్తనాలు, దొండ కొమ్మలు, వాము మొక్కలు, చామంతి పిలకలు చేతులు మారాయి. వచ్చినవారందరికీ సభ్యుల మిద్దెల మీద, వీధుల్లో ఏరిన వేపపూత పొట్లాలు పండుగ పచ్చడి కోసం ఇచ్చాము. కాఫీ పూలు చూడవచ్చునని ఆశపడి కొందరు పెందుర్తి నుంచి కూడా వచ్చారు. అయితే ఆ పూలు రెండు మూడు రోజులకు మించి నిలవవు. వారికి మేము చూపగలిగినవి గోధుమరంగుకు తిరిగి కొమ్మకు అంటుకున్న వాడిపోయిన రేకులే. ఫోటో చూపిస్తే, వాసన ఫోటోలో రాదు కదండీ అని ఒక చిన్న పిల్ల అన్నది.

విత్తనాలు తెచ్చే సభ్యులకు రెండు మనవులు. కొనుక్కున్న హైబ్రిడ్ ప్యాకెట్ల మొక్కల నుంచి తీసిన విత్తనాలు తల్లిలా రావు కనుక వాటిని పంచవద్దు. తక్కినవైనా పది గింజలు తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలిచాయో చూసుకుని తేవాలి. కిందటేడు "సొర" అని చీటీ అంటించి ఇచ్చిన విత్తనాలు ఎనిమిది ఇళ్ళలో గుమ్మడిగా మారాయి. ఇచ్చినవారెవరో అందరికీ తెలుసు, నేను పేరు రాయడం లేదు.

వీధి మొక్కలు, పార్కు

ఈ భాగం త్వరగా ముగిస్తాను. జూలైలో పార్కు వెంబడి నాటిన నలభై మొక్కల్లో ఇరవై తొమ్మిది బతికి ఉన్నాయి. నీళ్ళు పోయడానికి వంతుల పట్టికలో ఇరవై మూడు మంది పేర్లు రాసుకున్నారు. వంతు రోజున క్రమం తప్పక వచ్చినవారు నలుగురు. ఆ నలుగురిలో ఒకరికి డెబ్బై ఆరేళ్ళు, ఒకరికి మోకాలి ఆపరేషన్ అయింది. రాలేనివారు ముందు రోజు ఒక్క మాట చెబితే వేరేవారిని పంపే వీలుంటుందని పన్నెండు సార్లు కోరాను, ఇది పదమూడోసారి.

పార్కులో ఒక కుళాయి కోసం సంబంధిత కార్యాలయానికి మూడు దరఖాస్తులు ఇచ్చాము. మొదటిది దొరకలేదన్నారు, రెండోదానికి మొదటిది జత చేయమన్నారు, మూడోది పైకి వెళ్ళిందన్నారు. ఆగస్టులో కరెంటు తీగలకు అడ్డమని చెప్పి మనం ఏడేళ్ళు పెంచిన పొగడ చెట్టు కొమ్మలు ఒక్కటి మిగల్చకుండా కొట్టివేసిన వారెవరో, ఏ శాఖ నుంచి వచ్చారో నేటికీ ఎవరూ ఒప్పుకోలేదు. చెట్టు మాత్రం ఫిబ్రవరిలో మోడు నుంచే చిగురు వేసింది.

జమాఖర్చులు

తనిఖీ అయిన జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ఈ నివేదికకు జతచేశారు. చందాలు కిందటేటి కంటే కొంచెం మెరుగ్గా వసూలయ్యాయి, షేడ్ నెట్టు ధర పెరిగింది, చేతి నిల్వ స్వల్పం. కాఫీ ఖర్చు సంఘం నిధి నుంచి పెడుతున్నారని ఒక ప్రచారం నా చెవిన పడింది. పాలు, పొడి, చక్కెర ప్రతి నెలా ఒక సభ్యుల కుటుంబం తమ సొంతంగా తెస్తున్నవేనని, సంఘం ఖాతాలో కాఫీ పేరున ఒక్క రూపాయి లేదని స్పష్టం చేస్తున్నాను.

కృతజ్ఞతలు

వరండా ఇచ్చిన మా అధ్యక్షుల కుటుంబానికి, ప్రతి రెండో ఆదివారం తెల్లవారుజామున లేచి మూడు ఫిల్టర్ల డికాషన్ దింపే వారి శ్రీమతికి, పిప్పిలో కప్పులు ఏరే సభ్యునికి, పెంకులు తెచ్చిన ఉపాధ్యక్షులకు, వాన కొలిచి రాసే పుస్తకాన్ని ఒక్క రోజు మానకుండా నడిపిన మన డాక్టరమ్మ గారికి, అరకులో తమ తోట చూపి అన్నం పెట్టి పంపిన రైతు కుటుంబానికి, మల్లె కత్తిరించడం చేత్తో చూపిన మాలికి, తడిసిన బట్టల సంగతి మరచి మొక్కకు వాన కురిపించిన పద్నాలుగు మందికి, కన్నబిడ్డలాంటి మొక్కను మా మాట విని ఎండబెట్టిన బాబాయి గారికి సంఘం తరఫున ధన్యవాదములు. పేరు పేరునా రాయలేదని ఎవరైనా అనుకుంటే అది నా మతిమరుపే గాని వేరు కాదు. సహాయ కార్యదర్శి గారికి వేరుగా చెప్పాలి. ఏడాదంతా ఆవిడ ఒక్కసారి కూడా వేడి కాఫీ తాగలేదు.

పైన వివరించిన కారణాల చేత, సమావేశానికి ముందరి కాఫీ అరగంటను రద్దు చేయాలన్న సూచనను కార్యవర్గం ఆమోదించలేదు. దానిని నలభై అయిదు నిమిషాలకు పెంచాలని ప్రతిపాదిస్తూ సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నది. పొడిగించిన పావుగంటను ఎజెండాలోని "ఇతర విషయములు" నుంచి మినహాయిస్తాము.

చివరగా ఒక ప్రకటన. సంఘానికి చెందిన స్టీలు గ్లాసులు ముప్పై ఆరింటిలో ప్రస్తుతం ఇరవై ఎనిమిది మాత్రమే ఉన్నాయి. నారు పోయడానికో, విత్తనాలు నానబెట్టడానికో తీసుకువెళ్ళినవారు దయచేసి మే రెండో ఆదివారం లోపల తోమి తిరిగి ఇవ్వగలరు.

ఇట్లు
కార్యదర్శి
విశాఖపట్నం, 2025 ఏప్రిల్ 20